ట్రైలర్‌కి కరెంటు బ్రేకు: డ్రమ్ములో జరిగేదేమిటి, ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా

పోయిన నెల ఒక శనివారం రాత్రి ఏడున్నరకి పర్లాకిమిడిలో మా అరుగు మీద కూర్చుని ఉంటే, టెక్సాస్ నుంచి మా అక్క కొడుకు వీడియో కాల్ చేశాడు. వాడికి అప్పుడు పొద్దున్న తొమ్మిది. ఇంటి ముందు ట్రావెల్ ట్రైలర్ ఒక పక్క జాకీ మీద లేచి ఉంది. పక్కనే నాలుగు అట్టపెట్టెలు. "మావయ్యా, బ్రేకు సరిగా పట్టడం లేదు. నాలుగు చక్రాలకీ కొత్త సెట్లు తెప్పించాను. ఇవాళ నేనే మార్చేస్తాను, నువ్వు చూస్తూ ఉండు" అన్నాడు.

పాతపట్నం రోడ్డులో చాలా ఏళ్ళు లారీల బ్రేకులు, ట్రాక్టర్ల బ్రేకులు విప్పి బిగించిన వాణ్ణి. కరెంటుతో పట్టే బ్రేకు మాత్రం నా చేతికి ఎప్పుడూ రాలేదు. వాడు అడిగాక మాన్యువల్స్ తెప్పించుకుని చదివాను, వాడి చేత ఒక్కో ముక్కా కెమెరా ముందు పెట్టించి చూశాను. ఇక్కడ మా వీధి కుర్రాళ్ళది ఇంకో ప్రశ్న. అమెరికాలో ఇల్లు వెనక కట్టుకుని తిరిగే తెలుగువాళ్ళ వీడియోలు చూసి "ఆ బ్రేకు మన ఇసుక ట్రాలీకి పెట్టొచ్చా?" అని అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలూ ఒకసారి విడదీసి చూద్దాం.

వెనక బండికి వేరే బ్రేకు ఎందుకు

ట్రావెల్ ట్రైలర్‌కి ఇంజిను ఉండదు. మంచం, పొయ్యి, స్నానాలగది ఉన్న చిన్న ఇల్లది. పికప్ ట్రక్కు వెనక ఒక ఉక్కు బంతి ఉంటుంది, దాని మీద ట్రైలర్ మూతి గిన్నె బోర్లించినట్టు కూర్చుంటుంది. ఆ ఒక్క బంతి మీదే ఇల్లంతా నడుస్తుంది.

మా వాడి ట్రక్కు బరువు 2,500 కిలోలు, ట్రైలర్ బరువు 3,000 కిలోలు అనుకుందాం. గంటకి 90 కిలోమీటర్ల వేగంలో గట్టిగా తొక్కితే ట్రక్కు ఒక్కటే దాదాపు 45 మీటర్లలో ఆగుతుంది. వెనక ట్రైలర్‌కి బ్రేకు లేదనుకోండి. అవే ట్రక్కు బ్రేకులు 5,500 కిలోలని ఆపాలి, అంటే 2.2 రెట్ల బరువు. ఆపే బలం పెరగదు కాబట్టి దూరం పెరిగి 99 మీటర్లవుతుంది. అది కూడా రోడ్డు తిన్నగా ఉంటేనే. మలుపులో అయితే వెనక బండి ముందు బండిని తోసి, రెండూ చాకు మడిచినట్టు మడుచుకుంటాయి. ఇసుక ట్రాలీ ట్రాక్టరుని అలా తిప్పేసిన చోట్లు మన జిల్లాలో ఎవరినడిగినా చూపిస్తారు.

ఘాటు రోడ్డులో కథ వేరు. కొరాపుట్ వైపు నుంచి సుంకి ఘాటు దిగి సాలూరు వచ్చేవాళ్ళకి బ్రేకు కాలిన వాసన కొత్త కాదు. 3,000 కిలోల బండి 500 మీటర్ల ఎత్తు దిగితే అది వదులుకోవాల్సిన శక్తి సుమారు 4 యూనిట్ల కరెంటుతో సమానం. ఆ వేడితో 44 లీటర్ల చన్నీళ్ళు, అంటే మూడు పెద్ద బిందెల నీళ్ళు, మరుగు పట్టించొచ్చు. అందులో కొంత గాలికీ టైర్లకీ పోతుంది. బండిని గేరులో దింపితే ఇంజిను కొంత తీసుకుంటుంది. మిగిలినదంతా డ్రమ్ముల్లోకే, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నెల్లోకే వెళ్ళాలి. డ్రమ్ము కాలిపోతే లైనర్, అంటే దాన్ని ఒరుసుకుని ఆపే పట్టీ, జారుతుంది, పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. వెనక బండికి బ్రేకు ఉంటే ఆ వేడిని పంచుకునే డ్రమ్ములు పెరుగుతాయి.

అందుకే చట్టాలు ఒక బరువు దాటితే ట్రైలర్‌కి సొంత బ్రేకు ఉండాలంటాయి. అమెరికాలో ఈ హద్దు రాష్ట్రానికొకలా ఉంటుంది, చాలా చోట్ల 3,000 పౌండ్లు, అంటే 1,360 కిలోలు. ఆస్ట్రేలియాలో 750 కిలోలు దాటితే బ్రేకు కావాలి, 2,000 కిలోలు దాటితే ప్రతి చక్రానికీ కావాలి. యూరప్‌లో కూడా 750 కిలోలే హద్దు, కానీ అక్కడ వాడేది వేరే రకం. ముందు బండి ఆగుతుంటే వెనక బండి తోస్తుంది కదా, ఆ తోపుడుకే మూతి దగ్గరి కడ్డీ లోపలికి జరిగి కేబులు లాగుతుంది, బ్రేకు పడుతుంది. దీన్ని ఓవర్‌రన్ బ్రేకు అంటారు. మన లారీ ట్రైలర్లకి గాలి బ్రేకు. అమెరికా, ఆస్ట్రేలియా ట్రావెల్ ట్రైలర్లలో ఎక్కువగా కనిపించేది కరెంటు బ్రేకు.

డ్రమ్ము విప్పితే కనిపించేది

మా వాడు చక్రం తీసి, మధ్యలో గ్రీజు మూత ఊడబీకి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పి, డ్రమ్ముని రెండు చేతులతో బయటికి లాగాడు. ముందు బేరింగు చేతిలోకి జారింది. కెమెరా దగ్గరికి తెచ్చాడు. సగం వరకూ నాకు పాత చుట్టమే. ఇనప పళ్ళెం మీద నెలవంకల్లా లైనర్ అంటించిన రెండు షూలు, వాటిని కట్టి ఉంచే స్ప్రింగులు, అడుగున పళ్ళ చక్రం ఉన్న అడ్జస్టర్. పైపు లేదు, సిలిండర్ లేదు, ఆయిల్ లేదు. దాని స్థానంలో ఒక చెయ్యి లాంటి లివర్, దాని చివర వేలెడు మందాన ఒక అయస్కాంతం, దానికి రెండు వైర్లు.

పనిచేసే తీరు ఇది. కరెంటు రాగానే అయస్కాంతం డ్రమ్ము లోపలి గోడకి అతుక్కుంటుంది. డ్రమ్ము తిరుగుతోంది కదా, అతుక్కున్న అయస్కాంతాన్ని తనతో లాక్కుపోవాలని చూస్తుంది. అది కాస్త కదిలేసరికి లివరు పై కొన తిరిగి ముందు షూని డ్రమ్ముకి నొక్కుతుంది. ముందు షూ డ్రమ్ముతో పాటు కాస్త జరిగి, అడుగునున్న అడ్జస్టర్ ద్వారా వెనక షూని తోస్తుంది. అసలు పట్టు ఆ వెనక షూదే. అందుకే దాని లైనర్ పొడుగ్గా ఉంటుంది, ముందు షూది పొట్టిగా ఉంటుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. బండిని ఆపే బలం అయస్కాంతానిది కాదు, తిరిగే చక్రానిదే. అయస్కాంతం చేసేది ఆ బలాన్ని షూల వైపు మళ్ళించడం మాత్రమే. ఒక్కో అయస్కాంతం తాగేది 3 ఆంపియర్ల కరెంటు. కారు హాలోజన్ హెడ్‌లైటు బల్బు అంతకంటే ఎక్కువ తాగుతుంది.

ఈ అమరిక నుంచే రెండు విషయాలు పుడతాయి. ఇవి తెలియకపోవడం వల్లే చాలామంది తప్పు చేస్తారు. మొదటిది, ఎడమ చక్రం సెట్టు, కుడి చక్రం సెట్టు వేరువేరు. పొట్టి లైనర్ షూ ఎప్పుడూ బండి ముందు వైపుకే ఉండాలి. అటుదిటు బిగిస్తే బోల్టులన్నీ చక్కగా పడతాయి, బ్రేకు మాత్రం ముందుకి పోతున్నప్పుడు అరకొరగా పడుతుంది. రెండోది, బండి వెనక్కి జారుతున్నప్పుడు ఈ బ్రేకు పట్టు సహజంగానే తక్కువ.

అయస్కాంతం వైర్లు రెండూ ఒకే రంగులో ఉండటం చూసి మా వాడు కంగారు పడ్డాడు. ఏది ప్లస్, ఏది ఎర్త్ అని అడిగాడు. ఏదైనా ఒకటే. కాయిల్‌లో కరెంటు ఎటు పారినా అయస్కాంతం ఇనుముని పట్టుకుంటుంది.

డ్రైవరు దగ్గర పెట్టె, మూతి దగ్గర పిన్ను

కరెంటు ఎంత పంపాలో నిర్ణయించేది ట్రక్కులో స్టీరింగు దగ్గర ఉండే కంట్రోలర్. ఇందులో రెండు రకాలున్నాయి. పాత రకం, పెడల్ తొక్కగానే మనం ముందే పెట్టిన స్థాయికి కరెంటుని మెల్లగా పెంచుకుంటూ పోతుంది. మెల్లగా ఆపుతున్నామా, అదాటున తొక్కామా దానికి తెలియదు. కొత్త రకంలో బండి వేగం ఎంత తొందరగా తగ్గుతోందో పసిగట్టే సెన్సర్ ఉంటుంది. ముందు బండి ఎంత గట్టిగా ఆగితే వెనక బండికి అంత కరెంటు వెళ్తుంది. రెంటికీ ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే ట్రక్కు బ్రేకుతో పని లేకుండా ట్రైలర్ బ్రేకు ఒక్కటే పడుతుంది. ట్రైలర్ అటూ ఇటూ తోక ఊపడం మొదలుపెడితే ఆ మీటే కాపాడుతుంది.

ట్రైలర్ మూతి దగ్గర చిన్న డబ్బా, దానిలో ఒక పిన్ను, పిన్నుకి కట్టిన సన్నటి కేబులు ఉంటాయి. కేబులు రెండో కొస ట్రక్కుకి తగిలిస్తారు. దారిలో ట్రైలర్ ఊడిపోతే పిన్ను లాగబడుతుంది. వెంటనే ట్రైలర్ మీదున్న సొంత బ్యాటరీ నుంచి కరెంటు నేరుగా అయస్కాంతాలకి వెళ్ళి చక్రాలు బిగుసుకుంటాయి. చాలామంది దీన్ని ప్రమాదం జరిగినప్పుడే గుర్తు చేసుకుంటారు. లోపం ఎక్కడుందో వెతకడానికీ ఇది పనికొస్తుంది.

8 ఆంపియర్లు చెప్పిన సంగతి

డ్రమ్ము విప్పే ముందు కరెంటు కొలిచి చూడమన్నాను. వాడికి తొందర, పెట్టెలు వచ్చేశాయి కదా. అయినా కొలిచాడు. దీనికి డీసీ, అంటే బ్యాటరీ కరెంటు చూపించే టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) కావాలి. మన ఎలక్ట్రీషియన్ల దగ్గరుండే వాటిలో చాలావరకు ఇళ్ళకి వచ్చే ఏసీ కరెంటు మాత్రమే చూపిస్తాయి, అవి ఇక్కడ సున్నా కొడతాయి.

లెక్క తేలికే. 10 అంగుళాల బ్రేకులో అయస్కాంతం కాయిల్ రెసిస్టెన్స్ 3.2 ఓములు. నాలుగు చక్రాలు, నాలుగు కాయిల్స్, అన్నీ సమాంతరంగా. అంటే మొత్తం 0.8 ఓము. 12 వోల్టులు పూర్తిగా అందితే 15 ఆంపియర్లు పారాలి. వైర్లలో కొంత పోతుంది కాబట్టి తయారీదారుల పట్టికల్లో నాలుగింటికీ కలిపి 12 అని ఉంటుంది, ఒక్కోదానికి 3. దీన్ని బట్టి చాలా చెప్పొచ్చు. 9 వస్తే ఒక అయస్కాంతం చచ్చింది. 6 వస్తే రెండు చచ్చాయి, లేదా ఒక ఇరుసుకి వెళ్ళే వైరు తెగింది. 12 దాటి బాగా పైకి పోతే ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగులుతోంది. ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి వైరు ఇరుసు గొట్టం లోపలి నుంచి పోతుంది, అది అక్కడ ఒరుసుకోవడం మామూలే.

మా వాడికి కంట్రోలర్ మీట పూర్తిగా నొక్కితే 8 వచ్చింది. మూడుతో భాగం పోని అంకె. అంటే ఏ అయస్కాంతమూ చావలేదు, నాలుగూ అర్ధాకలితో ఉన్నాయి. 12 వోల్టులని 8 ఆంపియర్లతో భాగిస్తే 1.5 ఓములు. అందులో అయస్కాంతాలవి 0.8 పోతే మిగిలిన 0.7 ఓము దారిలో ఎక్కడో కూర్చుంది. దారిలో ఉండాల్సింది 0.2కి మించకూడదు.

ట్రక్కు నుంచి ట్రైలర్‌కి కరెంటు తెచ్చే ప్లగ్గు పీకేసి, ట్రైలర్ మూతి దగ్గరి పిన్ను లాగి చూడమన్నాను. అప్పుడు కరెంటు ట్రైలర్ బ్యాటరీ నుంచే వెళ్తుంది. టెస్టర్ మీద 12 పడింది. అంటే చక్రాల దగ్గరి వైరింగూ అయస్కాంతాలూ బాగానే ఉన్నాయి, రోగం ట్రక్కుకీ ట్రైలర్‌కీ మధ్య ఉంది. ఏడు పిన్నుల ప్లగ్గు నుంచి వచ్చే తెల్ల వైరు, అదే ఎర్త్, ట్రైలర్ ఫ్రేముకి ఒక బోల్టుతో బిగించి ఉంది. నట్టు విప్పి వాషరు కింద చూపించాడు. రింగు టెర్మినల్ మీద పచ్చటి చిలుము, దాని కింద ఎర్రటి తుప్పు, గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలింది. ఇన్నాళ్ళూ ఎర్త్ కరెంటులో కొంత ఉక్కు బంతి గుండా వెనక్కి వెళ్తూ ఉండి ఉంటుంది, అందుకే బ్రేకు పూర్తిగా పోలేదు. ఎమెరీ కాగితంతో తోమి కొత్త టెర్మినల్ వేశాక, ట్రక్కు నుంచే 12 వచ్చింది.

వైరు మందం సంగతి కూడా ఇదే లెక్కలో తేలుతుంది. ఇంట్లో లైట్లకి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుని 10 మీటర్లు పోనిచ్చి 10 మీటర్లు తిరిగి తెచ్చారనుకోండి. దాని రెసిస్టెన్స్ సుమారు 0.23 ఓము. అయస్కాంతాల దగ్గరికి చేరేది 9.3 వోల్టులు. ఎయిర్ కండిషనర్‌కి వాడే 4 స్క్వేర్ ఎంఎం వైరైతే దాదాపు 0.09 ఓము, చేరేది 10.8 వోల్టులు. షూలన్నీ కొత్తవి వేసినా సన్న వైరున్న బండి మెత్తగానే ఆగుతుంది.

గ్రీజు తాగిన షూ

అలాగని వాడు తెప్పించిన సెట్లన్నీ వృథా కాలేదు. కుడి పక్క వెనక చక్రం డ్రమ్ము లాగగానే నేను అరుగు మీద నుంచే అన్నాను, ఇది మాత్రం మార్చాల్సిందేనని. లైనర్ నల్లగా నిగనిగలాడుతోంది, పళ్ళెం అడుగున గ్రీజు ముద్దలు కట్టి ఉంది.

ఈ ఇరుసుల్లో చాలా వాటికి చివర గ్రీజు నిపిల్ ఉంటుంది. గన్ను పెట్టి కొడితే కొత్త గ్రీజు వెనక బేరింగు దాకా వెళ్ళి, ముందు బేరింగు గుండా బయటికి వస్తుంది. సౌకర్యమే. కానీ చక్రం తిప్పకుండా బలంగా కొడితే గ్రీజు వెనకున్న ఆయిల్ సీలుని తోసుకుని నేరుగా డ్రమ్ములోకి వస్తుంది. పాత యజమాని మంచి చేద్దామనుకునే కొట్టి ఉంటాడు, పాపం. లైనర్ ఒకసారి గ్రీజు పీల్చాక పెట్రోలుతో కడిగినా, కాల్చినా లాభం లేదు. పైన ఆరినట్టు కనిపిస్తుంది, డ్రమ్ము వేడెక్కగానే లోపలిది మళ్ళీ ఊరుతుంది. ఒక చక్రానికి గ్రీజు అంటితే బండి ఆ చక్రం నుంచి దూరంగా, రెండో పక్కకి లాగుతుంది. అందుకే షూలు మార్చేటప్పుడు ఒక ఇరుసు మీద రెండు పక్కలా మార్చమంటారు.

మిగతా వాటిని కొలతే నిర్ణయిస్తుంది. లైనర్ మందం 1.6 మిల్లీమీటర్లకి దిగితే ఆయుష్షు అయిపోయినట్టే. 10 అంగుళాల డ్రమ్ము లోపలి వ్యాసం 10.09 అంగుళాలు దాటితే ఇక లేతు పట్టే వీలు లేదు. అయస్కాంతం ముఖం ఒక పక్కే అరిగినా, లోపలి రాగి తీగ కనిపించినా మార్చాలి.

డ్రమ్ములో దుమ్ము గురించి ఒక మాట. మన షెడ్లలో నోటితోనో కంప్రెసర్ గాలితోనో ఊదడం అలవాటు. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, జబ్బు ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి ఊదడం ఎందుకు? నాతో పనిచేసిన వాళ్ళలో దగ్గు లేనివాళ్ళు తక్కువ. ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

షూలు మార్చడమా, సెట్టు మొత్తం మార్చడమా

దీనిమీద పని తెలిసినవాళ్ళే రెండు పక్షాలు.

సెట్టు మొత్తం మార్చాలనేవాళ్ళ మాటలో బలం ఉంది. పళ్ళెం, షూలు, స్ప్రింగులు, అయస్కాంతం, అడ్జస్టర్ అన్నీ బిగించే వస్తాయి. 10 అంగుళాల దానికి వెనక నాలుగు నట్లు, రెండు వైర్ల అతుకులు, అంతే. స్ప్రింగులతో కుస్తీ పట్టే పని లేదు, ఏదో ఒకటి తలకిందులుగా పెట్టే ప్రమాదం తక్కువ. అమెరికాలో కూలి ఖరీదు ఎక్కువ, సామాను చవక, కాబట్టి అక్కడి లెక్క ఇటే మొగ్గుతుంది. పదేళ్ళ స్ప్రింగు, పదేళ్ళ అయస్కాంతం అలాగే ఉంచి షూ మాత్రం కొత్తది వేస్తే, రేపు అయస్కాంతం పోయినప్పుడు మళ్ళీ మొదటి నుంచీ విప్పాలి.

షూలే చాలనేవాళ్ళు అడిగేది ఇంకోటి. పళ్ళెం బాగున్నప్పుడు ఇనుమంతా ఎందుకు పారెయ్యాలి? చవక సెట్లలో లైనర్ నాణ్యత, స్ప్రింగు బిగువు పాతదాని కంటే నాసిగా ఉండొచ్చు కూడా. మన మేస్త్రీలు దాదాపు అందరూ ఇటే ఉంటారు. లైనర్ ఒక్కటే రివెట్లు కొట్టి మార్చే చేతులు వాళ్ళవి.

కొత్త అయస్కాంతానికి పాత డ్రమ్ము కలుస్తుందా అన్న ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఉంటుంది. డ్రమ్ములో అయస్కాంతం ఒరిసే చోట గాడి పడి ఉంటే కొత్త అయస్కాంతం గాడి అంచుల మీద మాత్రమే కూర్చుంటుంది, పట్టు చిక్కదు. అలాంటప్పుడు ఆ ముఖాన్ని లేతు మీద చదును చేయిస్తారు. చదును బాగున్నా కొత్త షూ, కొత్త అయస్కాంతం మొదటి రోజే పూర్తిగా పట్టవు. గంటకి 65 కిలోమీటర్ల నుంచి 30కి మెల్లగా తగ్గిస్తూ ఇరవై ముప్పైసార్లు బ్రేకు వేస్తే రెండు ముఖాలూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. "కొత్తవి వేశాక ఇంకా మెత్తగా అయింది" అనే ఫిర్యాదులో సగం ఇదే.

మిగతా సగం అడ్జస్టర్ వల్ల. మామూలు రకంలో లైనర్ అరిగేకొద్దీ షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరుగుతుంది, అయస్కాంతం లివరుని ఎంత తిప్పినా షూ అందదు. పళ్ళెం అడుగున చిన్న కంత ఉంటుంది, అందులోంచి స్క్రూడ్రైవర్‌తో పళ్ళ చక్రం తిప్పుతారు. చక్రం చేత్తో తిరగనంత బిగించి, తర్వాత కాస్త ఒరుసుకుంటూ తిరిగేంత వదులు చేస్తారు. మాన్యువల్స్ మొదటి 320 కిలోమీటర్లకి ఒకసారి, ఆ తర్వాత ప్రతి 4,800 కిలోమీటర్లకి ఒకసారి ఈ పని చెయ్యమంటాయి. తనంతట తాను సర్దుకునే రకం కూడా వచ్చింది, దాని ఖరీదు కొంచెం ఎక్కువ.

ఇంటి దగ్గరా, షెడ్డులోనా

ఇంటి దగ్గర చెయ్యొచ్చనే వాదనకి ఆధారం ఏమిటంటే, ఇందులో ఆయిల్ పైపులు లేవు, గాలి తియ్యడం లేదు. కారు బ్రేకు కంటే ఇది నిజంగానే తేలిక. సొంతంగా చేసినవాడు ప్రతి చక్రాన్ని కళ్ళారా చూస్తాడు, గ్రీజు మరక దగ్గర ఆగుతాడు. గంటకింత అని కూలి తీసుకునే షెడ్డులో ఎర్త్ బోల్టు విప్పి చూసే ఓపిక అందరికీ ఉండదు.

వద్దనేవాళ్ళు చూపించేది బేరింగు నట్టు. డ్రమ్ముని తిప్పుతూ నట్టు బిగించి, మళ్ళీ పూర్తిగా వదులు చేసి, చివరికి వేళ్ళతో బిగిసినంత మాత్రమే ఉంచి స్ప్లిట్ పిన్ను వేస్తారు. ముందు గట్టిగా బిగించేది బేరింగులు వాటి చోట కూర్చోవడానికి, తర్వాత వదిలేది అవి వేడికి వ్యాకోచించే చోటు ఉంచడానికి. చక్రం నట్లు గట్టిగా బిగించే అలవాటున్న చెయ్యి ఇక్కడా అదే బలం చూపిస్తే, కొద్ది దూరంలోనే బేరింగు మాడి చక్రమే ఊడొచ్చే ప్రమాదం ఉంది. పిన్ను మరిచిపోతే ఇంకా తొందరగా. చక్రం నట్లది ఇంకో జాగ్రత్త. మొదటి 10 మైళ్ళకి, 25కి, 50కి ఆపి మళ్ళీ బిగువు చూడాలి. జాకీ మీదే నమ్మకం పెట్టి బండి కిందకి దూరేవాళ్ళు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. స్టాండు లేకుండా దూరొద్దని మా వాడికి ఆ రాత్రి ఎన్నిసార్లు చెప్పానో.

నా వరకు, మీటరు పట్టుకుని కొలిచే ఓపిక, బేరింగు మీద భయభక్తులు ఉన్నవాడు ఇంటి దగ్గర నిశ్చింతగా చేసుకోవచ్చు. ఈ రెండిట్లో ఏది లేకపోయినా షెడ్డుకి పోవడం మేలు. మా వాడు ఆ రోజు వెనక ఇరుసుకి రెండు సెట్లు, కొత్త సీళ్ళు వేశాడు. ముందు ఇరుసు లైనర్లు సగం కూడా అరగలేదు. రెండు పెట్టెలు విప్పకుండా వెనక్కి పంపించాడు.

మరి మన ఇసుక ట్రాలీకి

ట్రాక్టరుకీ 12 వోల్టుల బ్యాటరీయే. 12 ఆంపియర్లు దానికి బరువు కాదు. డ్రైవరు చేతి దగ్గర మీట ఉంటే ట్రాలీని విడిగా పట్టి ఉంచొచ్చు, ఘాటు దిగేటప్పుడు అది పెద్ద బలం. పైపు పగిలి ఆయిల్ కారడం ఉండదు. పెట్టాలనేవాళ్ళ మాట ఇది, కాదనలేం.

కానీ మన ట్రాలీ మహేంద్రతనయ ఇసుకలోకి దిగుతుంది, వరి మడిలో ఇరుసు దాకా బురదలో నిలబడుతుంది. అయస్కాంతం ముఖం, డ్రమ్ము గోడ ఒకదానికొకటి ఒరుసుకునే పనితనం ఇది. మధ్యలో ఇసుక చేరితే రెండూ అరిగిపోతాయి. పైగా ఒక ట్రాక్టరు ఈ రోజు ఒక ట్రాలీని, రేపు పక్కూరి వాళ్ళ ట్రాలీని లాగుతుంది. ప్లగ్గులన్నీ ఒకే రకంగా ఉండాలి, వైర్లని ఎలుకలు కొరక్కుండా చూసుకోవాలి. కాశీనగర్‌లోనో గుణుపురంలోనో అయస్కాంతం పోతే ఏ దుకాణంలోనూ దొరకదు. ఓవర్‌రన్ బ్రేకుకైతే కావాల్సిన కడ్డీ, కేబులు, షూ మన లేతు షెడ్లలోనే తయారవుతాయి. ట్రాక్టరు హైడ్రాలిక్స్‌తో పట్టే బ్రేకు ఇంకో దారి. బురదని తట్టుకోవడంలో, సామాను దొరకడంలో ఈ రెండూ ముందుంటాయి. ఎప్పుడూ తారు రోడ్డు మీదే తిరిగే తినుబండారాల బండి, పడవ మోసే ట్రైలర్ లాంటి వాటికి అయితే లెక్క మారుతుంది.

అడిగిన కుర్రాడికి ఇదంతా చెప్పాక అతని ట్రాక్టరు చూద్దామని వెళ్ళాను. ట్రాక్టరుకి వెనక చక్రాలకే బ్రేకు, కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ వేరువేరు పెడళ్ళు. పొలంలో మూల తిప్పడానికి ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కితే రెండు పెడళ్ళనీ కలిపి గొళ్ళెం వెయ్యాలి. వెయ్యకుండా ట్రాలీ బరువుతో ఒక పెడల్ మీదే కాలు పడితే ట్రాక్టరు ఆ పక్కకి తిరిగిపోతుంది, ట్రాలీ దాన్ని మడిచేస్తుంది. అతని ట్రాక్టరు గొళ్ళెం తుప్పు పట్టి తెరిచిన చోటే బిగుసుకుపోయి ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగితే, కొన్నప్పటి నుంచీ దాన్ని ముట్టుకోలేదన్నాడు. కిరోసిన్ పోసి కాసేపు నాననిచ్చి, సుత్తితో తట్టి, గ్రీజు రాసి, రెండు పెడళ్ళూ కలిపి గొళ్ళెం వేశాం.